మిద్దె మీది కమ్మీలు

సుమ సంచీ సర్దుతూ ఉంది.

తిలక్ పనిచేసే ఫ్యాక్టరీ వాళ్ళు ఆయుధపూజకు ఇచ్చిన నీలం సంచీ అది. మంచం మీద నోరు తెరుచుకుని ఉంది. సుమ ఒక్కొక్క బట్టే మడిచి లోపల పెడుతోంది. తల మీద ఫ్యాను తిరుగుతున్నా మెడంతా చెమట.

మంజులమ్మ గడప దగ్గర కూర్చుని చూస్తోంది. లోపలికి పోలేదు, అవతలికీ పోలేదు. సంచీలోకి పోయే ప్రతి బట్టతోనూ ఆమె చూపు కూడా లోపలికి పోయి వస్తోంది.

"అత్తా, నా పచ్చచీర యాడ?"

"నానేసినాను."

సుమ చేతిలో రవికను అట్లే పట్టుకుని ఇటు తిరిగింది. "నిన్ననే కదా ఉతికి ఆరేసింది. మళ్ళా నానేసినారా?"

"అంచుకు మట్టి అంటింది సుమమ్మా."

"మట్టీ లేదు, ఏమీ లేదు. నాకు తెలుసులే అత్తా."

ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరు ఊరికి బయలుదేరినా మంజులమ్మ వాళ్ళ బట్ట ఒకటి తీసి బకెట్లో నానేస్తుంది. తడిబట్టను ఎవరూ మూట కట్టుకుని పోరు. దానికోసమైనా తిరిగి వస్తారు. చిన్నప్పుడు ఆమె తమ్ముడు రాళ్ళ లారీ ఎక్కి పోయిన రోజు, వాడి బట్టలన్నీ ఉతికి ఆరబెట్టి ఇచ్చింది ఆమే. ఇంట్లో వాడిది ఒక్క పోగు కూడా మిగల్లేదు. వాడు మళ్ళీ కనబడలేదు. ఆ తర్వాత మొదలైంది ఈ అలవాటు.

"పండగకో పబ్బానికో పోయేవాళ్ళకు నానేయండి," అంది సుమ. "మేము బాడిగ ఇంటికి పోతా ఉండాము."

"సాయంత్రానికి ఆరిపోతుంది. ఆరినాక పోదురులే."

"బండి చెప్పేసినాడు మీ కొడుకు."

వంటింట్లో మిక్సీ ఆగింది. పెద్దకోడలు నాగవేణి గొంతు అక్కడి నుంచే వచ్చింది.

"ఆ గదిలో ఫ్యాను తిరగతానే ఉందా? తిరగనీలే. ఇప్పుడెవరూ అడగరు. సూర్యుడు ఊరికే ఇస్తా ఉండాడు."

సుమ లేచి స్విచ్చి ఆపేసింది. "ఆపేసినానక్కా. మీ సూర్యుణ్ణి మీరే పెట్టుకోండి."

"నేనేమంటిని? ఆపమంటినా? అత్తా, మీరే చెప్పండి, నేను ఆపమంటినా?"

మంజులమ్మ ఫ్యాను రెక్కలు మెల్లమెల్లగా ఆగిపోవడం చూస్తూ కూర్చుంది.

ఈ ఇంట్లో కరెంటు మాట కొత్తది కాదు. మీటరు ఒకటి, సంసారాలు రెండు. బిల్లు వచ్చినప్పుడల్లా సుమ వాషింగ్ మెషీను తిన్నదెంత, నాగవేణి గ్రైండరు తిన్నదెంత అని వారం రోజులు నడిచేది. ఒకరు లైటు ఆపితే ఇంకొకరు వేసేవాళ్ళు. ఆ పోరు వినలేకనే పెద్దకొడుకు రామచంద్ర మిద్దె మీద సోలార్ పలకలు వేయించాడు. ఇక ఇంట్లో కరెంటు పేరే వినబడదని కెలమంగలం బస్టాపులో కనబడిన వాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

చెడు తలచి చేసింది కాదు. అందుకే మంజులమ్మకు ఎవరిని తిట్టాలో తెలియలేదు.

ఈ ఇల్లు కట్టించింది ఆమె మొగుడు శ్రీరంగప్ప. కింది అంతస్తు లేచేటప్పటికే చేతిలో ఉన్నదంతా అయిపోయింది. అయినా ఆయన పిల్లర్లను మిద్దెతో ఆపలేదు. ప్రతి పిల్లరు నెత్తిన నడుమెత్తు ఇనుప కమ్మీలు వదిలిపెట్టాడు. "కింద పెద్దోడికి, పైన చిన్నోడికి," అన్నాడు. "పైన మాడి లేచినప్పుడు ఈ కమ్మీలకే కట్టుకుంటాడు."

ప్రతి ఉగాదికీ ఆయన మిద్దెక్కి ఆ కమ్మీలకు తుప్పు పట్టకుండా సిమెంటు పాలు పూసేవాడు. పైన పాత పెరుగుముంతలు బోర్లించేవాడు. ఆయన పోయాక ఆ పని తిలక్ చేశాడు. ఈ ఉగాదికి కూడా చేశాడు. బొబ్బట్టు నోట్లో పెట్టుకుని, బ్రష్షు పట్టుకుని మిద్దె మీద తిరుగుతూ ఉంటే మంజులమ్మ కింద నుంచి చూసింది.

ఆ కమ్మీలు ఇప్పుడు లేవు.

తిలక్ రోజూ రెండు షిఫ్టులు చేస్తూ హోసూరులోనే ఉండిపోయిన రోజుల్లో పలకలు ఎక్కించారు. అతను మొన్న ఇంటికి వచ్చాడు. చూద్దామని మిద్దెక్కబోయాడు. పాత కొయ్య నిచ్చెన ఉండే చోట ఇనుప నిచ్చెన ఉంది. "ఇది ఎప్పుడు చేయించినారు, బాగుందే," అంటూ ఎక్కాడు. రామచంద్ర కింద నిలబడి చూశాడు.

పైన చాలాసేపు ఉన్నాడు. అడుగుల చప్పుడు వినబడలేదు.

దిగేటప్పుడు నిచ్చెన మధ్యలో ఆగిపోయాడు. చేతికి అందిన మెట్టును బొటనవేలి గోటితో గీకాడు. ఎండిన సిమెంటు పొర పెచ్చులుగా రాలి కింద మంజులమ్మ కాళ్ళ దగ్గర పడింది.

"ఈ నిచ్చెన ఎవరు చేసినారు వదినా?" అని అడిగాడు.

"మీ అన్ననే కెలమంగలంలో వెల్డింగు పెట్టించినాడు," అంది నాగవేణి, పేడ ఎత్తుతూ. "కోసిన కమ్మీలు ఊరికే పడి ఉండాయి. పలకలు కడగను ఎక్కాలంటే ఒక నిచ్చెన కావాల కదా."

తిలక్ కాళ్ళు కడుక్కుని, సంగటి తిని, పడుకున్నాడు. మర్నాడు హోసూరు పోయి బాడిగ ఇల్లు చూసి వచ్చాడు.

ఇప్పుడు ఆ నిచ్చెనకు కాస్త దూరంలో, పంచలో కూర్చుని గిన్నెలు గోనెసంచీలో వేస్తున్నాడు.

"ఆ గిన్నెలెందుకు నాయనా," అంది మంజులమ్మ అతని దగ్గరకు వచ్చి. "ఆడ కొనుక్కోవచ్చు కదా. ఇవి ఈడే ఉండనీ."

"ఇవి సుమ వాళ్ళమ్మ ఇచ్చినవి."

"ఒక చెంబన్నా వదిలిపెట్టి పో."

తిలక్ తల ఎత్తి తల్లిని చూశాడు. చెంబు తీసి ఆమె పక్కన పెట్టాడు. కాసేపటికి అది సుమ చేతుల్లో మళ్ళీ గోనెసంచీలోకి పోయింది.

అప్పుడే వాకిట్లో బండి చప్పుడైంది. సరుకుల బండేమోనని మంజులమ్మ గబుక్కున అటు తిరిగింది. కాదు, రామచంద్ర మోటారుసైకిలు. వెనుక ఒక పడుచువాడు కూర్చుని ఉన్నాడు. పలకలు బిగించిన యతీశ్, హోసూరువాడు.

రామచంద్ర బండి దిగి తమ్ముడి వైపు చూడకుండా నిలబడ్డాడు. మల్బరీ ఆకు కోసిన చేతులు ఇంకా పచ్చగానే ఉన్నాయి.

"చెప్పప్పా యతీశూ. మళ్ళా కమ్మీలు అతుకు పెట్టొచ్చు కదా?"

యతీశ్ ఇద్దరు అన్నదమ్ములనూ చూశాడు. తాను రాకూడని చోటికి వచ్చానని అతనికి అర్థమైంది.

"మేస్త్రీని అడిగినానన్నా. పెట్టొచ్చంటాడు. పిల్లరు నెత్తి పగలగొట్టి, లోపలి కమ్మీ బయటికి తీసి, దానికి కలపాల. దానికి ముందు స్టాండంతా దించాల. దించితే మళ్ళా..."

"దించితే దించుదాము."

"దించుతారా?" నాగవేణి చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. "ఎక్కించను ఒక టెంకాయ కొట్టినాము. దించను ఇంకొకటి కొట్టాలేమో. ఊరంతా వచ్చి చూసి పోయినారు."

"నువ్వు లోపలికి పో."

"పోతాను. ఈ ఇంట్లో నేను నోరు తెరిస్తేనే తప్పు. కమ్మీలు నేను కోసినానా?"

సుమ గదిలో నుంచి వచ్చి తలుపుకు ఆనుకుని నిలబడింది. "బావా, నీడ పడతాదని కదా కోసినారు. మళ్ళా నిలబెడితే మళ్ళా నీడే కదా. ఎవరికోసం ఇదంతా?"

"అదే నేనూ ముందే చెప్పినానక్కా," అన్నాడు యతీశ్, తన మీదికి రాకుండా చూసుకుంటూ. "ఒక కమ్మీ నీడ పడినా పలక సరిగ్గా పనిచేయదు. రెండు దారులు ఉండాయి, స్టాండు ఎత్తుగా వేద్దాము, లేదంటే కమ్మీలు తీసేద్దాము అంటిని. అన్ననే తీసేయమన్నాడు. తమ్ముడు సూళగిరి దగ్గర సైటు తీసుకున్నాడు, ఆడే కట్టుకుంటాడు, ఈడ మాడి లేయదు అని."

తిలక్ చేతిలో గిన్నె అలాగే ఆగిపోయింది.

"నేనా? సైటా?"

యతీశ్ కాలితో మట్టిని గీస్తూ నిలబడ్డాడు.

"అన్నా, నిన్నే అడుగుతా ఉండాను. నేను సైటు తీసుకున్నానని ఎవరు చెప్పినారు?"

రామచంద్ర నిచ్చెన వైపు చూశాడు. తరువాత తల్లి వైపు చూశాడు.

"అమ్మ చెప్పింది."

మంజులమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అందరి కళ్ళూ తన మీదికి తిరిగేసరికి ఆమెకు నిలబడాలో కూర్చోవాలో తెలియలేదు.

"టోపీ చూసినాను నాయనా," అంది.

"ఏం టోపీ?"

"పచ్చ టోపీ. ఒక దినం నీ బూట్లకంతా ఎర్రమన్ను. సంచీలో పచ్చ టోపీ ఉండె. సైటు అమ్మేవాళ్ళు ఇచ్చేది అట్లాంటి టోపీనే కదా. మన ఊరి పరశురామ్ కూడా సైటు తీసుకున్నప్పుడు అదే పెట్టుకుని వచ్చినాడు."

తిలక్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"ఆ సైటు బేరం సుమ తమ్ముడు గోపీచంద్‌ది అమ్మా. వాడు సైటు చూస్తా ఉంటే తోడు రమ్మన్నాడు, పోయినాను. టోపీ వ్యానెక్కినోళ్ళందరికీ ఇచ్చినారు. డ్రైవరుకు కూడా ఇచ్చినారు. బిర్యానీ కూడా పెట్టినారు. బిర్యానీ తిన్నోళ్ళంతా సైటు కొన్నట్లేనా?"

"నాకు ఎట్ల తెలుస్తుంది నాయనా. పోతాడేమో, పోనీయొద్దు అని పెద్దోడికి చెప్పినాను."

"పోనీయొద్దని చెప్పలేదమ్మా," అన్నాడు రామచంద్ర నెమ్మదిగా. "పోతా ఉండాడు అనే చెప్పినావు. చెప్పి ఏడ్చినావు. అంతే."

మంజులమ్మ ఆ మాటను వెతుక్కుంది. ఆ రోజు పట్టుపురుగుల ఇంటి దగ్గర, గూళ్ళు అల్లే చంద్రికల తట్టలు కడుగుతున్న కొడుకు పక్కన నిలబడి ఏమేమి అన్నదో తలుచుకుంది. పోనీయొద్దు అన్నది మనసులో ఉంది. నోట్లోకి వచ్చిందో లేదో గుర్తు లేదు.

"నన్ను అడగొచ్చు కదన్నా," అన్నాడు తిలక్.

"నువ్వు చెప్తావని చూసినాను."

"లేనిదాన్ని ఏమని చెప్పాల?"

"నాకు లేదని ఎట్ల తెలుసు? దినమూ నా పక్కన కూర్చునే తింటివి. వానల గురించి చెప్తివి, టమోటా రేటు గురించి చెప్తివి. సైటు మాట ఎత్తలేదు. సరే, వీడికి నేను పరాయి అయిపోయినాను అనుకుంటిని. ఎవరూ కట్టని మాడికి కమ్మీలెందుకు అనుకుంటిని."

"ఈ ఉగాదికి నేను సిమెంటు పాలు పూసింది చూసినావు కదా."

"చూసినాను."

"చూసి?"

రామచంద్ర అరచేతుల పచ్చ రంగును ఒకదానితో ఒకటి రుద్దుకున్నాడు.

ఇంతలో లోపల ఫ్రిజ్జు గుర్రుమంటూ ఆగిపోయింది. గోడ మీది ఇన్వర్టరు పెట్టెలో పచ్చదీపం ఆరింది. అందరూ అటు చూశారు, మాట్లాడకుండా ఉండడానికి ఒక కారణం దొరికినట్టు.

"ఇంత ఎండ కాస్తా ఉందే. కరెంటు ఎట్ల పోతుంది?" అంది మంజులమ్మ.

"లైన్లో పోయిందవ్వా," అన్నాడు యతీశ్. "లైన్లో పోతే ఇది కూడా ఆగిపోతుంది. లైను బాగుచేసేవాళ్ళకు మన కరెంటు పోయి షాకు కొట్టకూడదు కదా. బ్యాటరీ పెట్టుకుంటే వేరే కథ."

"అట్లయితే కరెంటు పోయినప్పుడు ఈ పలకలు సుమ్నే, ఊరికే ఎండ కాచుకుంటా ఉంటాయా?" అంది నాగవేణి.

"ముందే చెప్పినానక్కా."

"నాకు చెప్పలేదు."

"అన్నకు చెప్పినాను."

"ఈ ఇంట్లో అన్నకు చెప్పింది అన్నలోనే ఉండిపోతుంది," అంది నాగవేణి. మొగుడి మీద విసిరిన మాటే. కానీ తిలక్ తల దించుకున్నాడు, అది తనకు కూడా తగిలినట్టు.

యతీశ్ ఇక నిలబడలేకపోయాడు. బస్సుకు పోతానన్నాడు. ఎవరూ ఆపలేదు.

అతను గేటు దాటాక రామచంద్ర తమ్ముడి వైపు తిరిగాడు.

"సైటు లేదన్న మాట తెలిసింది కదరా. ఇంక పోవడమెందుకు? స్టాండు దించేస్తాను. పలకలు పురుగుల ఇంటి మీద వేసుకుంటాను. మేస్త్రీని రేపే పిలుస్తాను."

మంజులమ్మ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. తిలక్ ఒక్క మాట అంటే చాలు. ఊ అన్నా చాలు.

తిలక్ లేచి నిచ్చెన దగ్గరకు పోయి నిలబడ్డాడు. ఒక మెట్టు మీద చెయ్యి వేశాడు.

"కోసినందుకు కాదన్నా," అన్నాడు. "ఇనుమే కదా, కోస్తే మళ్ళా కొనుక్కోవచ్చు. కోసినదాన్ని నిచ్చెన చేసినావు. నేను వచ్చి బాగుందే అంటా ఉంటే విన్నావు. నాయన పెట్టిన కమ్మీల మీద కాలు పెట్టి ఎక్కతా ఉంటే చూస్తా నిలబడినావు. అప్పుడన్నా పిలిచి చెప్పొచ్చు కదా."

"మంచి ఇనుము రా. పాతసామాన్ల గుజిరీకి వేయడానికి మనసు ఒప్పలేదు."

"అదే."

"నాయన పెట్టింది కాబట్టే ఇంట్లో ఉండనీ అనుకున్నాను."

"అదేలే అన్నా."

అన్నదమ్ములు ఇద్దరూ నిచ్చెన దగ్గరే నిలబడి ఉన్నారు. ఒకరి భుజం ఒకరికి తగిలేంత దగ్గర. రామచంద్ర చెయ్యి కొంచెం లేచి, మళ్ళీ కిందికి దిగింది. మంజులమ్మ అది చూసింది. పోయి ఆ చెయ్యి పట్టుకుని చిన్నోడి భుజం మీద పెట్టాలనిపించింది.

వాకిట్లో హారను మోగింది. ఈసారి సరుకుల బండే.

సుమ పెరట్లోకి పోయింది. బకెట్లో నుంచి పచ్చచీర తీసి, గట్టిగా పిండి, ఒక ప్లాస్టిక్ కవరులో వేసి మూతి ముడేసింది. మంజులమ్మ వెనకాలే పరుగెత్తుకొచ్చింది.

"తడిచీర సుమమ్మా. సంచీ అంతా తడిసిపోతుంది."

"తడవదు అత్తా. ఇప్పుడు కవర్లు ఉండాయి."

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేదనుకుంది మంజులమ్మ. సుమ వంగి అత్త కాళ్ళకు మొక్కి, కవరు తీసుకుని పోయింది. బకెట్లో ఉత్త నీళ్ళు మిగిలాయి.

మంజులమ్మ గదిలోకి పోయి దండెం మీది తన నీలిగళ్ళ చీర తీసుకొచ్చింది. రోజూ కట్టుకునే చీర. దాన్ని బకెట్లో ముంచి, పైకి తేలకుండా చేత్తో అదిమింది.

బండిలో గిన్నెలు, పరుపు, వాషింగ్ మెషీను ఎక్కించారు. వాషింగ్ మెషీనుకు ఒక పక్క రామచంద్ర పట్టుకున్నాడు, ఇంకో పక్క తిలక్. "నీ పక్క ఎత్తు," "ఇటు తిప్పు," "కాలు చూసుకో" అనుకున్నారు. ఆ రోజుకు అన్నదమ్ములు మాట్లాడుకున్నది అంతే.

సుమ డ్రైవరు పక్కన ఎక్కింది. ఆమె పక్కకు మంజులమ్మ ఎక్కబోయింది.

"అమ్మా, నువ్వు యాడికి?" అన్నాడు రామచంద్ర.

"పాలు పొంగించొద్దా? కొత్త ఇంట్లో పెద్దోళ్ళు లేకుండా పొయ్యి ముట్టిస్తారా?"

"పాలు పొంగించి?"

"వాళ్ళను తోడుకొని వస్తాను."

తిలక్ ఏదో అనబోయాడు. సుమ అతని వైపు చూసి తల అడ్డంగా ఊపింది. జరిగి అత్తకు చోటిచ్చింది.

నాగవేణి లోపలి నుంచి పరుగున వచ్చి బీపీ మాత్రల పెట్టె మంజులమ్మ ఒడిలో పడేసింది. "బట్టలేవి అత్తా? ఒక్క చీరన్నా పెట్టుకోలేదే. సుమ చీర కట్టుకుంటారా ఏమి? ఆమె చీరలు మీకు నిలబడతాయా?"

"ఎన్ని దినాలని బట్టలు? వచ్చేస్తాను. నా చీర నానేసినాను చూడు."

నాగవేణి పెరటి వైపు తల తిప్పి చూసింది.

బండి కదిలింది. మలుపు దగ్గర మంజులమ్మ వెనక్కి తిరిగి చూసింది. మిద్దె మీద పలకలు ఎండకు మెరుస్తున్నాయి, కళ్ళు నిలవనంతగా. కింద వాకిట్లో పెద్దకొడుకు నిలబడి ఉన్నాడో లోపలికి పోయాడో ఆమెకు కనబడలేదు.

ఆ సాయంత్రం నాగవేణి పెరట్లోకి పోయింది. బకెట్లో నీలిగళ్ళ చీర ఉంది. చేతిలోకి తీసుకుని పిండబోయి ఆగింది. మళ్ళీ నీళ్ళలోనే వదిలింది. మర్నాడు ఆ నీళ్ళు పారబోసి మంచి నీళ్ళు పోసింది. ఆ మర్నాడు కూడా. చీర మాత్రం పిండలేదు.

తిలక్, సుమ ఆ తరువాత ఆ ఇంటికి చాలాసార్లు వచ్చారు, చుట్టాలు వచ్చినట్టు వచ్చి పోయారు. వాళ్ళను తోడుకొనే వస్తానన్న మంజులమ్మ మాత్రం రాలేదు. ఆ ఏడు కార్తీకంలో, హోసూరు బాడిగ ఇంట్లో చనిపోయింది.